నక్షత్రం కింద టులెట్ బోర్డు

కళ్ళద్దాల షాపు,
మధ్యాహ్నం, బేరాలు లేని వేళ

ఒరేయ్,

పైన "ప్రియమైన" అని రాయలేదు, గమనించు. నీ నంబరు బ్లాక్ చేశాను, చేసే ఉంచుతాను. ఇది పని మీద రాస్తున్న ఉత్తరం.

వచ్చే ఆదివారం నుంచి చర్చిలో క్రిస్మస్ ముందు కొవ్వొత్తులు మొదలు. ఎప్పట్లాగే నాలుగు ఆదివారాలు, నాలుగు కొవ్వొత్తులు, నాలుగు ధ్యానాలు. నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ. పాస్టర్ గారు నన్ను అడగను కూడా అడగలేదు. "మన సహోదరి ఉంది కదా" అని నోటీసులో పెట్టేశారు. ఆ సహోదరి చదివేవన్నీ బాత్రూం టైల్స్‌కి ప్రకటనలు రాసుకునే తమ్ముడు రాసిచ్చేవని నీకూ నాకూ మీ బావకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

పద్ధతి పాతదే. దేనికది విడిగా, కవర్లో పెట్టి అంటించి పంపు. మైకు ముందు నిలబడ్డాకే విప్పుతాను. ముందే చదివితే గొంతులోకి నాటకం వచ్చేస్తుంది.

ఆ విషయం మాత్రం ఎత్తకు. ఎత్తావో, కవరుతో సహా చించి పారేస్తాను.

అక్క

*

అద్దె గది, మూడో అంతస్తు,
లిఫ్టు చెడిపోయిన భవనం

మహాఘనత వహించిన అక్కగారి సముఖానికి, తమ్ముడనే అల్పజీవి దాఖలు చేసుకుంటున్న విన్నపం.

మొదటి ధ్యానం దీంతోపాటే ఉంది. పగలంతా "జారని నేల, చెదరని నమ్మకం" అని రాసిన చేత్తోనే సాయంత్రం నిరీక్షణ గురించి రాశాను. మధ్యలో చేతులు కడుక్కున్నాను, దేవుడు సాక్షి.

ఇక ఆ విషయం. ఎత్తొద్దన్నావు కాబట్టి ఎత్తను. నేల మీదే ఉంచి చెబుతాను.

నాన్న పోయిన రోజున మన గేటు బయట వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్ల గుర్తుందా? నాన్నకి ఇంకో ఇల్లుందని మనకి ఆ రోజే తెలిసింది. ఆ పిల్ల ఇప్పుడు ఇంత మనిషయింది. వాళ్ళమ్మ కిందటేడు పోయింది. మీ ఊరి పెద్దాసుపత్రి లాబ్‌లో ఉద్యోగం వచ్చింది, చేరింది. వచ్చినవాళ్ళకి రక్తం తీస్తుంది. దానికి రెండేళ్ళు కోర్సు చదివిందట. నువ్వైతే చదువుకోకుండానే తీస్తావు.

లాబ్‌లో తోటి అమ్మాయి గదిలో ఉంటోంది. ఇద్దరికీ ఒకటే మంచం, షిఫ్టుల్లో. ఒకరు డ్యూటీకి లేస్తే ఇంకొకరు పడుకోవాలి. ఆ తోటి అమ్మాయికి పెళ్ళి కుదిరింది, క్రిస్మస్ ముందే గది ఖాళీ చేస్తోంది. ఆ తర్వాత మన చెల్లికి ఆ ఊళ్ళో ఉండటానికి చోటు లేదు. నీ మేడ మీద గది ఎండాకాలం నుంచీ ఖాళీ. గేటుకి టులెట్ బోర్డు ఎండకి ఎండి వెలిసిపోయింది.

మరియమ్మలా గర్భవతి కాదు. పక్కన వడ్రంగి మొగుడు లేడు. గాడిద లేదు. ఆ పోలిక వాడుకునే అవకాశం పోయినందుకు రాసేవాడిగా నాకే బాధగా ఉంది. కానీ చోటు కావాలి. అంతవరకు కథ అదే.

చిత్తగించవలెను.

బ్లాక్ చేయబడ్డ తమ్ముడు

*

కళ్ళద్దాల షాపు

ఒరేయ్,

మొదటిది బాగుంది. కరెంటు పోయినప్పుడే ఇంట్లో అందరూ ఒక గదిలోకి చేరతారు, దేవుడు కూడా చీకటి చూసే మనలోకి వచ్చాడు అన్న చోట కీబోర్డు ఆంటీ కళ్ళు తుడుచుకుని ఒక స్వరం తప్పు నొక్కారు. బాగుంటే బాగుందంటాను, నీలాగా కాదు.

గది ఖాళీ లేదు. ఇచ్చేశాం. బోర్డు తీయడానికి మీ బావకి తీరిక లేదు, నక్షత్రం కడుతున్నారు. కట్టడానికి ఇంకెక్కడా మేకు దొరకనట్టు, సరిగ్గా ఆ బోర్డు పైనే కట్టారు. రాత్రయితే వెలుగంతా దాని మీదే.

ఇంకోటి. "మన చెల్లి" అని రాశావు. అమ్మ కడుపున పుట్టింది మనిద్దరమే. ఆ మాట మళ్ళీ రాస్తే నీ ఉత్తరాలు కూడా బ్లాక్ చేస్తాను. ఎలాగో నాకు తెలియదు, పోస్టుమ్యాన్‌ని అడుగుతాను.

రెండోది త్వరగా పంపు. అంశం సమాధానం. శాంతి అన్న అర్థంలో, ఎదురు జవాబు కాదు.

అక్క

*

మూడో అంతస్తు

పరమపూజ్యులైన అక్కగారికి,

గది ఇచ్చేశారని తెలిసి ఆనందభాష్పాలు రాల్చాను. దిగినవాళ్ళు ఎంత మంచివాళ్ళో! చప్పుడు చెయ్యరు, నీళ్ళు వాడరు, లైటు వెయ్యరు, కంటికి కనపడరు. ఈ రోజుల్లో అలాంటివాళ్ళు దొరకడం మీ ప్రార్థనా ఫలం.

రెండో కవరు ఇదిగో. ఎన్నడూ పడనంత కష్టపడి రాశాను. దయచేసి మీ పద్ధతి తప్పొద్దు. మైకు ముందే విప్పండి.

సమాధానం మీకు తోడై ఉండుగాక.

తమ్ముడు

*

ఇల్లు, వంటగది బల్ల

నీచుడా,

ఇంతకన్నా చిన్న మాట దొరకలేదు.

తెల్ల చీర కట్టుకుని వెళ్ళాను. రెండో కొవ్వొత్తి వెలిగించాను. కవరు విప్పాను. "మరియమ్మకి చోటు లేదన్న సత్రం యజమాని చెడ్డవాడేం కాదు, రోజూ ప్రార్థన చేసుకునేవాడే" అని మొదలైంది. బాగానే ఉందనుకుని ఊపు మీద చదువుకుపోయాను. "తలుపు కొట్టిన మనిషిని పై నుంచి కింద దాకా చూశాడు. చోటు లేదన్నాడు. మేడ మీద గది ఖాళీగా ఉంది. గేటుకి బోర్డు ఉంది. ఆ బోర్డు కిందే నిలబడి లేదన్నాడు." ఇక్కడ నాకు విషయం అర్థమైంది. కానీ నా నోటి సంగతి నీకు తెలుసు కదా, వాక్యం మొదలుపెడితే పూర్తి చేసేదాకా ఆగదు. "ఆ యజమాని ఇప్పుడెక్కడున్నాడని అడుగుతారా? మీ ముందే ఉన్నాడు. మైకు పట్టుకుని ఉన్నాడు."

కొవ్వొత్తి మండే చప్పుడు వినపడింది, నిజంగా.

తర్వాత పాస్టర్ గారు లేచి, "ఎంత తగ్గింపు స్వభావం! మన సహోదరి తనని తానే ఆ యజమానిగా ఒప్పుకుంది, మనలో ఎంతమందికి ఆ ధైర్యం ఉంది?" అన్నారు. స్తోత్రం, స్తోత్రం అని అన్ని వైపుల నుంచీ. కీబోర్డు ఆంటీకి చెవిలో మిషను పెట్టుకున్నా సరిగ్గా వినపడదు కాబట్టి అందరికీ వినపడేలా అడిగారు: "అయితే అమ్మాయ్, ఆ గది ఇంకా ఖాళీయేనా?"

ఆరాధన అయ్యాక గది చూస్తామని ఇంటిదాకా వచ్చినవాళ్ళు ఎంతమందో నీకు చెప్పను. మీ బావ మేడ మెట్లెక్కించి, కిటికీ తెరిచి, గాలి ఎంత బాగా వస్తుందో చూపించి మరీ పంపారు. ఆయన్ని తర్వాత చూసుకుంటాను.

అవును, ఇవ్వలేదు. ఖాళీగానే ఉంది. అవును, ఆ అమ్మాయి వచ్చింది, నువ్వే పంపావని తెలుసు. అవును, బోర్డు కింద నిలబడే లేదన్నాను. నీకు ఫోన్ చేసి ఏడ్చిందా?

ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు చెప్పు. అమ్మ మంచాన పడ్డ రెండేళ్ళూ నువ్వేం పంపావు? ఫోన్‌లో జోకులు. అమ్మ నవ్వేది, కాదనను. నవ్వితే దగ్గొచ్చేది. ఆ దగ్గుకి వీపు రాసింది ఎవరు? ఇంకో ఇంటి సంగతి తెలిశాక అమ్మ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకుండా మింగింది, మింగుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది ఎవరు? నువ్వు కాదు. నువ్వు నేల మీద నమ్మకం పరుస్తున్నావు.

నీ దయాదాక్షిణ్యాలన్నీ నా ఇంట్లోనే ఎందుకు జరగాలి? నీకూ ఒక గది ఉంది. పెట్టుకో.

అక్క అని సంతకం పెట్టడం లేదు.

*

మూడో అంతస్తు

సత్రం యజమానురాలికి,

ఏడవలేదు. చెల్లి ఏడవలేదు. (రాశాను. పోస్టుమ్యాన్‌తో మాట్లాడుకో.) "వాళ్ళు చాలా మర్యాదగా లేదన్నారు అన్నయ్యా, గేటు కూడా మెల్లగా వేశారు" అంది. అంతే. ఆ "మెల్లగా" విన్నాకే కవర్లో అది రాశాను. నువ్వు విసురుగా వేసుంటే వదిలేసేవాణ్ణేమో.

నా గదిలో పెట్టుకోమన్నావు. మహత్తరమైన సలహా. రోజూ రాత్రంతా రైల్లో వచ్చి రక్తం తీసి, మళ్ళీ రాత్రంతా రైల్లో వచ్చి నా మంచం కింద పడుకుంటుంది. ఉద్యోగం మీ ఊళ్ళో, గది మీ ఇంట్లో, బోర్డు మీ గేటుకి. నేనేం చెయ్యను, మేడని విడగొట్టి ఇక్కడికి మోసుకురానా?

అమ్మ సంగతి తెచ్చావు. తెస్తావని తెలుసు. నాతో ఏ గొడవ వచ్చినా చివరికి అమ్మ మంచం లాక్కొచ్చి నడి గదిలో వేస్తావు. ఆ మంచం పక్కన నేను లేను, ఒప్పుకున్నాను. కానీ ఆ పిల్ల ఎప్పుడు అమ్మని మంచాన పడేసింది? పన్నెండేళ్ళప్పుడా? గేటు బయట ఎండలో నిలబడా?

ఇంకో మాట. ఇన్నేళ్ళుగా నా మాటలు నీ నోట్లో పెట్టుకుని చదువుతున్నావు. వినేవాళ్ళు ఏడుస్తున్నారు. చదివే నీకు ఒక్కటీ తగల్లేదు. ఇలాంటి టైలు మా కంపెనీలో కూడా లేదక్కా. ఏ నీళ్ళు పోసినా జారిపోతాయి, మరక పడదు.

అందుకే సమ్మె. మూడో కవరు రాదు. వచ్చే ఆదివారం అంశం సంతోషం. నీ దగ్గరున్న సంతోషం ఏదో నువ్వే చదువుకో.

తమ్ముడు

*

కళ్ళద్దాల షాపు,
మూసేశాక

ఒరేయ్,

రాదన్నా వస్తుందనుకున్నాను. శనివారం సాయంత్రం దాకా పోస్టుమ్యాన్ కోసం గుమ్మంలో నిలబడ్డాను. నిరీక్షణ అంటే ఏంటో నీ మొదటి ధ్యానం కన్నా అదే బాగా నేర్పింది.

ఖాళీ కవరు ఒకటి అంటించి తీసుకెళ్ళాను. అందరి ముందూ విప్పాను. లోపల ఏమీ లేదు. ఏం చెయ్యను? మైకు పక్కన పెద్ద బైబిల్ తెరిచి ఉంది. యేసు పుట్టిన ఆ భాగం తీసి చదివాను. నా వృత్తి కళ్ళు పరీక్ష చెయ్యడం కదా. కింద వరస అక్షరాలు చదవమని రోజూ అందర్నీ అడిగేదాన్ని, ఈ భాగం నేనెప్పుడూ అలా చదవలేదు. నీ కవర్లే చదివాను.

అక్కడ సత్రం యజమాని లేడు.

నువ్వూ చూడు. సత్రంలో చోటు లేదని ఉంది. అంతే. తలుపు తీసినవాడు లేడు, పొమ్మన్నవాడు లేడు, ఒక్క మాట లేదు. మనమే తయారుచేసుకున్నాం వాణ్ణి. ఎందుకంటే తిట్టడానికి ఒకడు కావాలి. ఏటా క్రిస్మస్‌కి వాణ్ణి నిలబెట్టి తిట్టి, మనం మంచివాళ్ళమైపోయి, కేకు తిని పడుకుంటాం. ఆ మాటే అన్నాను. "లేని మనిషిని ఇన్నేళ్ళు తిట్టాం" అన్నాను. అని, అక్కడే ఆగిపోయాను. ఎందుకాగానో వాళ్ళకి తెలియదు. పాస్టర్ గారు పాట మొదలెట్టేశారు.

నీకు చెబుతాను. జాలి పడతావని కాదు, నీ తెలివి ఎంత తక్కువో తెలియాలని.

ఆ రోజు గేటు తీశాను. "నమస్తే మేడం, గది ఖాళీ ఉందా?" అంది. అక్కా అంటే తిడదామని సిద్ధంగా ఉన్నాను. మేడం అంది. పోనీ మాట్లాడదాం అనుకునేలోపు తుమ్మింది. వరసగా మూడు తుమ్ములు, చివర "అయ్యో దేవా". నాన్న తుమ్ము. వీధి చివర పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు చూడు, అదే తుమ్ము. ముక్కు కూడా ఆయనదే. ఎదురుగా నాన్న నిలబడ్డట్టు అయింది. ఆయన్ని అడగాల్సినవి నా దగ్గర ఒక బస్తాడు ఉన్నాయి. అడుగుదామంటే చనిపోయి ఊరుకున్నాడు. నోరు తెరిస్తే ఆ బస్తా అంతా ఈ పిల్ల నెత్తిన పడుతుందని భయమేసింది. అందుకే లేదన్నాను. అందుకే గేటు మెల్లగా వేశాను.

నాకేమీ తగల్లేదన్నావు. ఏది తగిలిందో చెబుతా విను. గొర్రెల కాపరుల దగ్గరికి దేవదూతలు వచ్చారు, ఆకాశమంతా పాడారు, వెళ్ళిపోయారు. బాగుంది. మరి ఆ రాత్రి పాకలో పసివాడి పొత్తిగుడ్డలు ఎవరు ఉతికారు? అది ఎవరూ రాయలేదు. నువ్వు దేవదూతల బాపతు. వస్తావు, వెలుగుతావు, నాలుగు మంచి మాటలు పాడతావు, పోతావు. ఉతుకుడు నాది.

నాలుగోది పంపినా చదవను.

అక్క

*

మూడో అంతస్తు

అక్కా,

బిరుదులేమీ పెట్టడం లేదు. అయిపోయాయి.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పక్క బల్ల అతను "ఏంటి, నీ మొహం ఉప్పు పట్టిన గోడలా ఉంది?" అన్నాడు. మా వృత్తిలో దానికో పూత ఉంది, రెండు కోటింగులు. నాకు పని చేస్తుందేమో అడిగాను.

సత్రం యజమాని లేడన్నది వెళ్ళి చూశాను. లేడు. ఇన్నేళ్ళు వాడి మీద ఎన్ని పేజీలు రాశానో, వాడికి భార్యని పెట్టాను, నడుం నొప్పి పెట్టాను, లాంతరు పెట్టాను. మనిషే లేడు. నువ్వు గెలిచావని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకని రాయను.

దేవదూతల సంగతికి మాత్రం జవాబుంది. నాలుగు రోజులు సెలవు పెట్టాను. మీ ఊరొస్తున్నాను. చెల్లితో కలిసి వీధి వీధీ తిరిగి గది వెతుకుతాను, సంచులు నేనే మోస్తాను. నీ వీధి వదిలేస్తాం. నువ్వు పక్క వీధిలో కనపడితే తల తిప్పుకుంటాను, నువ్వూ తిప్పుకో. గది దొరక్కపోతే ఏం చెయ్యాలో తెలియదు. ఆసుపత్రి వరండాలో బెంచీలున్నాయట.

నాలుగో కవరు పంపడం లేదు. సమ్మె వల్ల కాదు. ప్రేమ గురించి రాద్దామని కూర్చుంటే టైల్స్ ప్రకటనలాగే వస్తోంది.

ఆ తుమ్ము సంగతి నాకు తెలియదక్కా. నాతో మాట్లాడేది ఫోన్‌లోనే. ఫోన్‌లో ఎప్పుడూ తుమ్మలేదు.

తమ్ముడు

*

ఇల్లు, వంటగది బల్ల

ఒరేయ్,

నీ మీద కోపం అణువంత కూడా తగ్గలేదు. ముందే చెబుతున్నాను, చివరిదాకా చదివి పొంగిపోకు.

వాయిదా వేస్తూ వస్తున్న షుగర్ పరీక్షకి పెద్దాసుపత్రికి వెళ్ళాను. పరీక్షకే వెళ్ళాను. లాబ్ కిటికీ దగ్గర ఎవరుంటారో నాకెందుకు? అదే ఉంది. నన్ను చూసి ముఖం తెల్లబోయింది, కానీ చెయ్యి వణకలేదు. "పిడికిలి బిగించండి మేడం" అంది. నా నరం ఎవరికీ దొరకదు, నీకు తెలుసు, చేతులంతా పొడిచి పొడిచి పెడతారు. దీనికి ఒక్కసారికే దొరికింది. పెదవి కొరుక్కుంటూ చేసింది, నాన్న గడియారం విప్పి బాగుచేసుకునేటప్పుడు కొరుక్కునేవాడు చూడు, అలా. నాకు కోపమొచ్చింది. దూది గట్టిగా నొక్కుకున్నాను.

"ఎంత సామాను ఉంది?" అన్నాను.

"దేనికి మేడం?"

"నీ సామాను. ఎంత ఉంది?"

"రెండు సంచులు మేడం. ఒక బకెట్టు."

"మేడం అనకు."

"మరి ఏమనమంటారు?"

"అది తర్వాత చూద్దాం. ముందు సంచులు సర్దుకో. బకెట్టు మా ఇంట్లో ఉంది."

ఇక పొంగిపోకు అన్నాను కదా.

నాలుగో ఆదివారం కవరు లేకుండానే వెళ్ళాను. కొవ్వొత్తి వెలిగించాను. అందరూ నా చేతుల వంక చూస్తున్నారు, కవరేదని. నాన్న సంగతి చర్చిలో ఎవరికీ తెలియదు. అమ్మ అంతకాలం మూసిపెట్టింది, నేనూ మూసిపెట్టాను. "ఇన్నేళ్ళు నేను చదివినవి నా తమ్ముడు రాసినవి. ఇవాళ్టిది నాది, చిన్నది" అన్నాను. "కీబోర్డు ఆంటీ అడిగిన గది ఇచ్చేశాను. మా చెల్లికి. మా నాన్న కూతురికి." అని వచ్చి కూర్చున్నాను. అంతే. నీ ధ్యానాలన్నిటికన్నా పొట్టిది.

పాస్టర్ గారు పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాట వెతికారు. కీబోర్డు ఆంటీ మాత్రం పక్కావిణ్ణి "ఎవరికిచ్చిందట?" అని అడిగి, ఆవిడ చెవిలో అరిచి చెప్పాక, "చెల్లెలికా? మంచిదేగా, ఇందులో ఏడవడానికేముంది?" అన్నారు. ఏడుస్తున్నది ఎవరో చూశాను. నేనే.

నాన్నని క్షమించలేదు. అది వేరే పని, దానికి ఎన్ని క్రిస్మస్‌లు పడతాయో తెలియదు. నిన్నటి దాకా ఆ పిల్లతో మొత్తం కలిపి పది మాటలు మాట్లాడి ఉంటాను, అన్నీ నీళ్ళ మోటారు గురించే. నన్ను ఏమీ అని పిలవడం లేదు, ఊరికే ఎదురుగా వచ్చి నిలబడుతోంది. ఇవాళ పొద్దున మీ బావ నిచ్చెనెక్కి బోర్డు విప్పుతుంటే పైన తుమ్మింది, మూడూ. ఆయన నిచ్చెన మీదే కొయ్యబారిపోయి "మామగారా!" అన్నారు. అది మేడ మీద నుంచి తొంగి చూసి నవ్వింది. నేను నవ్వలేదు. లోపలికొచ్చి నవ్వాను.

బోర్డు పోయింది. నక్షత్రం అక్కడే ఉంది. ఇప్పుడు దాని వెలుగు ఉత్త గేటు మీద పడుతోంది.

సెలవు ఎలాగూ పెట్టావు కాబట్టి రా. వీధులు తిరగక్కర్లేదు. గుడ్డలు ఉతకడానికి రా, చాలా ఉన్నాయి. కానీ ఒకటి స్పష్టంగా చెబుతున్నాను, వచ్చాక నసగొద్దు. మేడ మీద గది ఇచ్చేశాం. హాల్లో మీ బావ గురక. నీకు చోటు లేదు.

స్కూటరు పెట్టే షెడ్డు తుడిచి చాప వేశాను. అక్కడ పడుకో. షెడ్డులో పడుకున్నవాళ్ళకి ఇంతవరకూ చెడ్డపేరు రాలేదు.

అక్క